లాభం, రెండు, మూడు

సుల్తానాబాద్‌ల రైసుమిల్లు. రాత్రి పన్నెండు దాటింది.
ఊకపొయ్యి ఎర్రగ గొణుగుతున్నది.
యాసంగి వడ్లు పచ్చిగ ఆడిస్తే నూకలైతయి,
అందుకే ఈ ఉడుకుడు, ఈ ఆవిరి,
బట్టలకంటి ఇంటిదాక వచ్చే ఈ పులిసిన వాసన.

నానవెట్టే తొట్లు ఆరు. దేని వేడి దానిదే.
గోడమీది పెట్టెల కంట్రోలర్,
అరచెయ్యంత, ఒక్క పచ్చలైటు.
దానికి అన్ని ఎరుకే.
అడగంది మాత్రం చెప్పది.

అడిగేది నేను.
నాకు అడుగుడు నేర్పింది ఒక లైబ్రరీ.
"లైబ్రరీ అంటే, పేపర్లొస్తయా?"
అన్నడు బాయిలర్ ఓదెలు.
రావు కాకా.
ఎవరో, ఏ ఊర్లనో, ముఖం తెల్వనోళ్లు,
ఎట్ల పలకరియ్యాలె, ఎంతసేపు ఆగాలె,
పలకకపోతే ఎన్నిమాట్ల పిలవాలె
అన్ని రాసిపెట్టిండ్రు.
నేనొక్క లైను రాస్తే
వాళ్ల వెయ్యి లైన్లు నా ఎనుక నిలవడుతయి.
"మంచిదే. కూలెంతిచ్చినవ్ మరి?"
ఏమియ్యలే.
చెవిమీది బీడీ తీసిండు,
నా దిక్కు చూసి మళ్ల చెవిమీదనే పెట్టిండు.

మొదటి తొట్టి వేడి అడిగితే రెండోదాంది చెప్పింది.
రెండోది అడిగితే మూడోదాంది.
ఆరోది అడిగితే సున్న.
కంట్రోలర్ పుస్తకం రాసినాయన ఒకటి నుంచి లెక్కవెట్టిండు,
లైబ్రరీ రాసినాయన సున్న నుంచి.
వాళ్లిద్దరి నడుమ నావి రెండు గంటలు పోయినయి.

ఓదెలుకు చెప్తే నవ్విండు.
"మా నాయిన కల్లంల వడ్లు కొలిస్తే
ఒకటి అననే అనకపోవు.
లాభం అంటుండె.
లాభం, రెండు, మూడు.
మరి ఒకటేది నాయినా అంటే
నోరు మూసుకొని సంచి పట్టు అంటుండె."

ఇగ నేను గూడ లాభం నుంచే మొదలువెట్టిన.
తొట్లు వాటి వాటి జాగల్ల కూసున్నయి.

రెండున్నరకు అది నోరు మూసింది.
పిలిచిన. మూడు సెకండ్లు ఆగిన.
మళ్ల పిలిచిన.
వైరు పీకి పెట్టిన. పచ్చలైటు అట్లనే ఎలుగుతున్నది,
ఇంట్ల దీపముంది, తలుపు తియ్యరు.

ఓదెలు తువ్వాల చేతికి చుట్టుకొని లేచిండు.
ఒక్కో పైపు మీద చెయ్యి ఇట్లేసి అట్ల తీసి,
"డెబ్బై రెండు.
ఇది అరవై ఎనిమిది, జర తక్కువ.
ఇది ఉడికిపోతున్నది, వాల్వు తిప్పు బిడ్డా, దేవులాడకు."
నా రిజిస్టర్లు ఆ పెట్టెల ఉన్నయి.
ఆయన రిజిస్టరు మేకుకు దారంతోని ఏలాడుతది.
అండ్లనే రాసిండు, అద్దగంటకోసారి.

నాలుగింటికి దొరికింది, తప్పు నాదే.
జవాబు ఆలిస్యమైనప్పుడల్ల
కొత్త తలుపు కొట్టిన, పాతది మూయలే.
దాని ఇంట్ల ఎనిమిదిమందికే జాగ.
ఎనిమిది కుర్చీలల్ల నేనే కూసోని
జాగ లేదని బయట నేనే నిలవడ్డ.
క్లోజ్ అని ఒక్క మాట,
లైబ్రరీల మొదటి రోజు నుంచి ఉన్నదే,
చదివి దాటేసిన మాట.
రాసిన. కంట్రోలర్‌ను ఒకసారి ఆర్పి ఎలిగించిన.
డెబ్బై ఒకటి, అన్నదది,
ఏమీ కానట్టు.

తెల్లారి మునీం చంద్రమౌళికి రాత్రి లెక్క మొత్తం కావాలె.
నడుమ గంటన్నర ఖాళీ.
ఓదెలు రిజిస్టరు ముందల పెట్టుకొని
ఆయన చేతి అంకెలు నా టేబుల్‌ల కొట్టుకుంట పోయిన.
ఆఖరు గడిల, వంకర అక్షరాలల్ల:
మిషన్ పలుకలే. చేత్తోని చూసిన.
ఈ మాట పెట్టనీకి నా టేబుల్‌ల గడి లేదు.
ఒకటి పెంచిన.
దానికేం పేరు పెట్టాల్నో ఇంక తోచలే.

ఆరింటికి డ్యూటీ దిగి, సైకిల్ స్టాండ్ తీస్తూ
"మూసినవా?" అనడిగిండు.
బాయిలర్ గది తలుపో, నా ప్రోగ్రామో, చెప్పలే.
మూసిన కాకా, అన్న.
ఆయన గేటు దాటినంక
రెండూ మళ్లొకసారి చూసొచ్చిన.